పైలట్ సిగ్నళ్లు తీసేస్తే నెట్ స్పీడు రెట్టింపవుతుందా?

నెల్లూరు, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "4జీ టవర్లు మన డేటా వెళ్లాల్సిన చోట పనికిరాని పైలట్ సిగ్నళ్లు నింపుతున్నాయి. తీసేస్తే స్పీడు రెట్టింపు. ఛానల్‌ను ఒక్కసారి కొలుచుకుంటే చాలు. 5జీలో తీసేశారు కాబట్టే అది ఫాస్టు. సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా నెట్ రాకపోవడమే రుజువు." పైలట్ అంటే డేటా మధ్యలో టవర్ పంపే, ఫోన్‌కు ముందే తెలిసిన గుర్తు సిగ్నల్. ఛానల్ అంటే టవర్ నుంచి ఫోన్ దాకా వచ్చే దారిలో సిగ్నల్‌కు జరిగే మార్పు.

రెట్టింపు సంగతి చిన్న లెక్కలోనే తేలిపోతుంది. 4జీలో అర మిల్లీసెకనుకు ఒక్కో కట్టలో 12 సబ్‌క్యారియర్లు (డేటా మోసే సన్నని ఫ్రీక్వెన్సీ పాయలు), ఒక్కోదానిలో 7 సింబల్స్ (వరసగా వచ్చే చిన్న సమయపు ముక్కలు), అంటే 12 × 7 = 84 గళ్లు. రెండు యాంటెన్నాల టవరైతే అందులో పైలట్లవి 8. అవన్నీ డేటాకే ఇచ్చేసినా పెరిగేది పది శాతం చిల్లర.

"పనికిరానివి" అన్న మాట దగ్గరే అసలు పేచీ. టవర్ నుంచి సిగ్నల్ నేరుగా ఒక దారిన, ఏ మేడకో తగిలి ఇంకో దారిన వస్తుంది. రెండో దారి 300 మీటర్లు ఎక్కువైతే ఒక మైక్రోసెకను ఆలస్యం. రెండూ కలిసినప్పుడు కొన్ని సబ్‌క్యారియర్ల మీద బలం పెరుగుతుంది, కొన్నిటి మీద ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. ఈ హెచ్చుతగ్గుల వరస ప్రతి మెగాహెర్ట్జ్‌కీ మళ్లీ వస్తుంది. అంటే 20 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఇరవై దాకా గుంటలు! ఏ సబ్‌క్యారియర్ ఎంత తగ్గిందో, దాని ఫేజు (అల ఏ దశలో ఉందన్నది) ఎంత తిరిగిందో తెలియకుండా బిట్లు చదవడం కుదరదు. పైలట్ విలువ ఫోన్‌కు ముందే తెలుసు. అందిన సిగ్నల్‌ను ఆ విలువతో భాగిస్తే అక్కడి ఛానల్ చేతికొస్తుంది. సబ్‌క్యారియర్ల మధ్య ఎడం 15 కిలోహెర్ట్జే, కాబట్టి మధ్యవాటిని అటూ ఇటూ ఉన్న పైలట్లను బట్టి అంచనా కడతారు. భాగించినప్పుడు నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అక్కరలేని రొద) కూడా వెంట వస్తుంది. అది ఎంతో చూసుకుని అంచనాను సరిదిద్దే పద్ధతులూ ఉన్నాయి. పైలట్లు దండగ అనడం, కాటాలో తూకం రాయి పెట్టిన చోట ఇంకో కిలో బియ్యం పోయొచ్చు కదా అన్నట్టుంది.

ఒక్కసారి కొలిస్తే చాలన్నది, ఇంట్లో కదలకుండా కూర్చున్నవాళ్ల విషయంలో కాస్తో కూస్తో ఒప్పుకోవచ్చు. కావలి దాటి సింగరాయకొండ వైపు గంటకు 130 కిలోమీటర్లతో పోయే రైల్లో కుదరదు. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 16.7 సెంటీమీటర్లు. అందులో సగం దూరం జరిగినా ఛానల్ మారిపోవచ్చు. ఆ దూరం రైలుకు రెండు మిల్లీసెకన్ల పైచిలుకు పని. అందుకే అర మిల్లీసెకనులో రెండుసార్లు పైలట్లు పంపుతారు.

5జీ మాట సగం నిజం. డేటా లేకపోయినా ఎప్పుడూ వెళ్లే 4జీ తరహా పైలట్లను అందులో మానేశారు. కానీ మీ డేటాతోపాటు మీ కోసం వేరే పైలట్లు వస్తాయి, వేగంగా కదిలేవాళ్లకు ఇంకొన్ని ఎక్కువ పెట్టొచ్చు. స్పీడుకు పెద్ద కారణం వెడల్పు: 4జీలో ఒక క్యారియర్ (డేటా పంపే ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ) 20 మెగాహెర్ట్జ్ మించదు, 5జీలో 100 దాకా ఉండొచ్చు.

ఇక రుజువు. 4జీ ఫోన్ సిగ్నల్ గీతలు చూపించేది ముఖ్యంగా ఆ పైలట్ల బలాన్ని కొలిచే! అవి బలం చెబుతాయి గానీ, పక్క టవర్ల అడ్డునూ, సాయంత్రం ఒకే టవర్ మీద పడే జనాన్నీ చెప్పవు. గీతలు నిండుగా ఉండి నెట్ నత్తనడక నడుస్తుంటే, ఏదైనా నెట్‌వర్క్ యాప్‌లో ఎస్ఐఎన్ఆర్ (అడ్డు, రొదలతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పేది) అంకె చూడండి. అది బాగున్నా స్పీడు లేదంటే రద్దీని అనుమానించాలి.