బేస్ లేని ట్రాక్ ఒక్కటి ఇవ్వండయ్యా

బేస్ గిటార్ ప్రాక్టీసుకి డ్రమ్స్ కావాలి. కిక్ డ్రమ్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పట్టుకుని నడవడమే కదా బేస్ పని. ఇంట్లో డ్రమ్మర్ ఉండడు, కాబట్టి నెట్‌లో వెతకాలి. అక్కడ మొదలవుతుంది నా ఖర్మ.

‘బ్యాకింగ్ ట్రాక్’ (మనం కలిసి వాయించుకోడానికి మిగతా వాయిద్యాలు వాయించి పెట్టిన రికార్డింగ్) అని కొడితే బోలెడు వస్తాయి. చాలావరకు లీడ్ గిటార్ వాళ్ల కోసమే. తెరిచి చూస్తే ఎవరో మహానుభావుడు అందులో బేస్ ముందే వాయించేసి ఉంటాడు! ఇక నేనెందుకు? కరోకేలదీ అదే కథ, తీసేది గొంతు ఒక్కటే.

పోనీ ఉత్త డ్రమ్స్ చూద్దామంటే ఎటు చూసినా రాక్, ఫంక్, అన్నీ 4/4, అంటే నాలుగు దెబ్బల లెక్క. మన పాటల్లో వినబడే 6/8 (ఆరు దెబ్బల) నడకలు దొరకడమే గగనం. బోనాలప్పుడు, నిమజ్జనమప్పుడు మా దిల్‌సుఖ్‌నగర్ వీధులు తీన్మార్ దరువుకి అదిరిపోతాయి. ప్రాక్టీసుకి పనికొచ్చే శుభ్రమైన తీన్మార్ ట్రాక్ మాత్రం నాకింతవరకు కనబడలేదు.

దొరికినవాటికి టెంపో రాయరు. వేగం మరీ తగ్గిస్తే సింబల్స్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేలు) నీళ్లలో మునిగినట్టు మోగుతాయి. గ్రూవ్ కుదిరిందనుకునేసరికి మధ్యలో ఏదో గేటెడ్ కమ్యూనిటీ ప్రకటన! ఫోన్ స్పీకర్‌లో కిక్ సరిగ్గా వినబడదు, పెద్ద స్పీకర్ పెడితే కింది ఫ్లాట్ ఆంటీ పైకొస్తారు. (ఆవిడ తప్పేం లేదు, బేస్ గోడలు దాటుతుంది.)

పాటలోంచి బేస్ తీసేసే యాప్‌లు వచ్చాయంటారు. వచ్చాయి, నేను వాడినదానికి నెలనెలా డబ్బు కట్టాలి. కట్టాక అది బేస్‌తోపాటు సగం కిక్ కూడా తీసేసింది. నాక్కావలసిందే ఆ కిక్!