క్రాష్ సింబల్ గారికి ఓ విన్నపం

అయ్యా, డ్రమ్ సెట్‌లో అందరికంటే గట్టిగా మోగే లోహపు పళ్లెం గారూ,

పిలవని పేరంటానికి వెళ్లడం మీకు వెన్నతో పెట్టిన విద్య. సీతమ్మధారలో మావాడి ఫ్లాట్ హాల్లో రికార్డింగ్ అనుకున్నప్పుడు మీకోసమే పైన రెండు ఓవర్‌హెడ్ మైకులు వేలాడదీశాం. అవి చాల్లేదు మీకు. వోకల్ మైకులో మీరే, గిటార్ ఆంప్ మైకులో మీరే, స్నేర్ డ్రమ్ మైకులోనూ మీరే. నేవీ హెలికాప్టరైనా ఒకసారి వెళ్లి ఊరుకుంటుంది.

వోకల్ ట్రాక్ ఒక్కటే పెట్టి విన్నాను. పల్లవి మొదటి మాట పూర్తి కాకుండానే ‘ఝుష్ష్’ అని మీ ఆశీర్వచనం. మాట స్పష్టంగా ఉండాలని ట్రెబుల్ పెంచితే పైకొచ్చింది మీరు. పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటిని పైకి తెచ్చే కంప్రెసర్ వేస్తే, పాడేవాడు ఊపిరి పీల్చుకునే సందుల్లో కూడా మీరే ఉబికి వస్తున్నారు.

మీ నుంచి దూరం జరుగుదామా అంటే, దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గడం ఆరుబయట లెక్క. ఈ హాల్లో మీరు గోడకి తగిలి మళ్లీ వస్తారు. అందుకే నోటినే మైకు దగ్గరికి తెచ్చాం. గుసగుస కూడా వినే కండెన్సర్ మైకుని లోపల పెట్టేసి, 1966 నుంచి స్టేజీల మీద దెబ్బలు తింటున్న ఎస్ఎం58 మైకు తీశాం. అది కార్డియాయిడ్, వెనక నుంచి వచ్చేది దానికి సరిగా వినపడదు. అందుకని దాని వీపు మీవైపు తిప్పాం. (మావాడు సూపర్ కార్డియాయిడ్ మైకు కొని మిమ్మల్ని సరిగ్గా దాని వెనకాలే కూర్చోబెట్టాడు. దాని చెవుడు అక్కడ కాదు బాబూ, ముందు నుంచి లెక్కేస్తే 126 డిగ్రీల దగ్గర, అటూ ఇటూ.)

బేస్ గిటార్‌ని మైకు అక్కర్లేకుండా నేరుగా వైరుతో రికార్డింగ్‌లోకి పంపే డీఐ బాక్సులో గుచ్చేశాం. గిటార్ ఆంప్‌ని బెడ్‌రూమ్‌లోకి తోసి తలుపేశాం. బొంతలు మాత్రం మైకు వెనక కాదు, పాడేవాడి వీపు వెనక కట్టాం. మైకు చూసేది అటే కదా! మీ ఝుష్‌ష్ కొంత వాటిలో ఇంకింది. కిక్ డ్రమ్ బొంతని లెక్కచేయదు, అది నేరుగా కింద ఫ్లాట్ అంకుల్ దగ్గరకే వెళుతుంది. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, విశాఖ ఉక్కపోతలో ఇదంతా.

నిజానికి ఇన్ని తంటాలు అక్కర్లేదు. మిమ్మల్ని కొట్టే చెయ్యి కాస్త నెమ్మదిస్తే సగం గొడవ వదిలిపోతుంది. ఆ మాట డ్రమ్మర్‌తో అంటే “ఫీల్ పోతుందిరా” అన్నాడు. ఇక వాడితో వాదన అనవసరం. గైడ్ వోకల్‌తో, అంటే దారి చూపడానికి పాడే తాత్కాలిక గొంతుతో, బ్యాండ్ అంతా వాయించేశాక, మీరు కవర్‌లో పడుకున్నాక, అసలు గొంతు విడిగా పాడిస్తాం.

మీరు లేకపోతే ఊపు రాదట పాడేవాడికి. సరే, హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తాం. దయచేసి అందులోంచి కూడా కారి మైకులో పడకండి.

ఇట్లు,
మిక్సింగ్ నెత్తిన పడ్డవాడు