డ్యూరర్‌ను బతికించింది నకళ్లే

పదిహేను, పదహారు శతాబ్దాల జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ప్రస్తావన వస్తే చాలు, కళాచరిత్రకారులు ఆయన స్వీయచిత్రాలను, ఇటలీ ప్రయాణాలను, జర్మనీకి పునరుజ్జీవన కళను పరిచయం చేసిన మేధస్సును ఏకరువు పెడతారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే తర్వాతి తరాల చిత్రకారులలో అత్యధికులు ఆయన తైలవర్ణ చిత్రాల ముందు నిలబడి నేర్చుకోలేదు, చేతికందిన అచ్చు కాగితాలను చూసి నేర్చుకున్నారు. ఆ కాగితాలలో ఎన్నో ఆయన ముద్రించినవి కూడా కావు, ఇంకెవరో చూసి చెక్కిన నకళ్లు. ఆయన పేరు అయిదు శతాబ్దాలు దాటి రావడానికి, ఆయన బతికున్నంత కాలం మండిపడ్డ ఆ నకళ్లే పెద్ద కారణమని నా వాదన.

ఖడ్గమృగం ఉడ్‌కట్ (చెక్క దిమ్మె మీద చెక్కి తీసిన అచ్చు) సంగతే చూడండి. గుజరాత్ సుల్తాను రెండవ ముజఫర్ షా పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్‌కు కానుకగా ఇచ్చిన ఖడ్గమృగం 1515 మే నెలలో లిస్బన్ రేవులో దిగింది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఉన్న డ్యూరర్ దానిని ఎన్నడూ చూడలేదు. లిస్బన్ నుంచి వచ్చిన ఒక వర్ణననూ, చరిత్రలో పేరు మిగలని ఎవరో గీసిన స్కెచ్‌నూ ముందు పెట్టుకుని ఆ ఏడాదే బొమ్మ గీసి అచ్చు వేయించాడు. అంటే లోకమంతా ఎరిగిన ఆయన బొమ్మ కూడా ఇంకొకరి బొమ్మ చూసి గీసినదే! ఆ అచ్చును దగ్గరగా పరిశీలిస్తే జంతువు చర్మానికి బదులు యుద్ధవీరుడి కవచంలాంటి పలకలు, కాళ్ల నిండా పొలుసులు, వీటికి తోడు భుజాల మధ్య ఏ ఖడ్గమృగానికీ లేని మెలితిరిగిన చిన్న కొమ్ము ఒకటి కనిపిస్తాయి. ఈ లేని కొమ్మే మనకు ఆనవాలు, ఎందుకంటే ఒక బొమ్మలో అది కనబడితే దానిని గీసినవాడు చూసింది జంతువును కాదని, డ్యూరర్ అచ్చునో దాని నకలునో అని ఇట్టే తెలిసిపోతుంది. 1551లో వెలువడడం మొదలైన స్విస్ పండితుడు గెస్నర్ జంతుశాస్త్ర గ్రంథం ఆ బొమ్మనే వాడుకుంది. డ్యూరర్ పోయాక అసలు చెక్క దిమ్మె కాళ్ల మీదుగా అడ్డంగా చీలింది. అయినా ముద్రాపకులు ఆ చీలికతోనే అచ్చులు తీశారు. క్లారా అనే నిజమైన ఖడ్గమృగం 1741లో ఐరోపాకు వచ్చి, ఊరూరా ప్రదర్శనలిచ్చి, 1749లో పారిస్ చిత్రకారుడు ఊద్రీ దానిని నిలువెత్తున చిత్రించిన తర్వాత గానీ ఆ కొమ్ము పట్టు సడలలేదు. ఇరవయ్యో శతాబ్దంలో స్పెయిన్ కళాకారుడు సాల్వడార్ డాలీ మళ్లీ ఆ బొమ్మ దగ్గరికే వెళ్లాడు.

నకలు కొట్టేవారి మీద డ్యూరర్ కోపం సామాన్యమైనది కాదు. 1511లో పుస్తకంగా వేసిన మేరీమాత జీవిత చిత్రమాల చివర, పరుల శ్రమను దొంగిలించేవారికి మాక్సిమిలియన్ చక్రవర్తి పేరు చెప్పి మరీ హెచ్చరిక అచ్చు వేశాడు. మరుసటి ఏడు జనవరిలో న్యూరెంబర్గ్ నగర సభ ముందుకు ఒక తగవు వచ్చింది. ఒక పరదేశి నగర సభా భవనం దగ్గరే డ్యూరర్ పొడి సంతకం ఉన్న దొంగ అచ్చులు అమ్ముతున్నాడు. ఆ సంతకాలు తీసేయాలని, లేకుంటే సరుకు జప్తు చేస్తామని సభ ఆదేశించింది. బొమ్మలు అమ్మవద్దని మాత్రం అనలేదు. పేరు కళాకారుడిది, గీత అందరిది అన్న ఈ తీర్పు నా దృష్టిలో ఆ శతాబ్దపు అత్యంత తెలివైన తీర్పు.

కష్టం ఒకరిది, లాభం ఇంకొకరిదా అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. డ్యూరర్‌కు అచ్చులే జీవనాధారం. చిత్రాలు మానేసి ఎన్‌గ్రేవింగ్‌నే (రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసే పనినే) పట్టుకుని ఉంటే వెయ్యి ఫ్లోరిన్లు అధికంగా మిగిలేవని 1509లో హెల్లర్ అనే వర్తకుడికి ఆయనే రాసుకున్నాడు. అయినా ఆ సంతకానికి అంత గిరాకీ తెచ్చి పెట్టింది కూడా చేతులు మారిన కాగితాలేనని మరవరాదు.

నకలును చిన్నచూపు చూసే అలవాటుకు, పదహారో శతాబ్దంలో ఇటలీ చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి వంటి విమర్శకులే బాటలు వేశారు. 1523లో ప్లేగు భయానికి ఫ్లోరెన్స్ వదిలి గల్లూజ్జో మఠం చేరిన ఇటలీ చిత్రకారుడు పొంటోర్మో, డ్యూరర్ అచ్చులను ఎదురుగా పెట్టుకుని అక్కడి గోడలపై క్రీస్తు యాతనలను చిత్రించాడు. జర్మన్ పద్ధతికి లొంగిపోయాడని వసారి అతన్ని తప్పుపట్టాడు. డ్యూరర్ సంతకాన్ని కూడా వదలకుండా ఉడ్‌కట్‌లను రాగిరేకు మీదికి ఎక్కించిన ఇటలీ ముద్రణ కళాకారుడు మార్కాంటోనియో రైమోండీని చరిత్ర నేటికీ దొంగగానే పరిచయం చేస్తుంది. కానీ రఫేల్ గీసి, ఆనక కనబడకుండా పోయిన ‘పారిస్ తీర్పు’ను (ఈ పారిస్ ఊరు కాదు, గ్రీకు పురాణంలోని రాకుమారుడు) మనకు దక్కించింది ఈ రైమోండీ చెక్కిన రేకే. దాని కుడివైపు దిగువ మూలన కూర్చున్న ముగ్గురినే ఫ్రెంచ్ చిత్రకారుడు మానే 1863లో తన వనభోజన చిత్రంలోకి తెచ్చుకున్నాడు. ఆధునిక కళకు ఆరంభంగా చెప్పుకునే బొమ్మకు మూలం ఒక నకలు చేతి పని!

ఈ చిన్నచూపు మన వైపు తిరిగేసరికి మరీ పదునెక్కుతుంది. 1600వ సంవత్సరం ప్రాంతంలో అబుల్ హసన్ అనే మొఘల్ చిత్రకారుడు, పట్టుమని పదమూడేళ్లు కూడా నిండని వయసులో, డ్యూరర్ 1511లో చెక్కిన శిలువ దృశ్యం నుంచి క్రీస్తు శిష్యుడు సెయింట్ జాన్ ఒక్కడినే విడదీసి గీశాడు. అరచేతిలో పట్టేంత కాగితం అది, నేడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. శిలువను, పక్కనున్న మనుషులను వదిలేసి, చేతులు ముడుచుకుని పైకి చూస్తున్న ఆ ఒక్క దుఃఖితుడిని ఎంచుకోవడంలోనే ఆ కుర్రవాడి తీర్పు ఉంది. లోహం మీద ఉలి గీసిన కరకు గీతను కుంచె కొసతో మెత్తబరిచి, వస్త్రపు ముడతలకు బరువు తెచ్చాడు. తర్వాతి కాలంలో జహంగీర్ ఇతనికే ‘నాదిరుజ్జమాన్’ అనే బిరుదునిచ్చాడు. డచ్ కళాకారుడు హోల్ట్సియస్ డ్యూరర్ శైలిని అచ్చంగా దింపితే ప్రతిభ అన్నారు, అబుల్ హసన్ గీస్తే పాశ్చాత్య ప్రభావమని ఒక్క ముక్కలో తేల్చేశారు. చేసిన పని ఒకటే అయినప్పుడు రెండు కొలతలెందుకు? డ్యూరర్ వారసుల మీద ఇకపై వచ్చే ఏ గ్రంథమైనా, ఏ ప్రదర్శనైనా అబుల్ హసన్‌ను చివరి పేజీల్లోని తూర్పు దేశాల అధ్యాయానికి నెట్టకుండా, పొంటోర్మో, హోల్ట్సియస్‌ల సరసనే, వయసు రీత్యా వాళ్లకంటే ఒక మెట్టు పైనే కూర్చోబెట్టాలి.