బండికి చెప్పకుండా బయల్దేరడం ఎలా

వేల కిలోమీటర్ల బైక్ యాత్రకు ఒంటరిగా వెళ్లేది తనను తాను వెతుక్కోవడానికి. ఇందులో ఇప్పుడు రెండో మాట లేదు. అయితే వెతుక్కునేది మనిషి, బండి కాదు. కాబట్టి మైదానం దాటాక ఎడారి వస్తుందనీ, ఆ తర్వాత కొండలెక్కాలనీ దానికి చెప్పనక్కర్లేదని నా నిశ్చితాభిప్రాయం. చెప్పామంటే గొంతెమ్మ కోరికలు మొదలుపెడుతుంది.

ముందు సామాను. బరువైనవి కింద, సీటుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా కట్టాలనేది చాదస్తుల మాట. డ్రోనూ, ట్రైపాడూ, మూడు జతల బూట్లూ వెనకాల టాప్ బాక్సులో కుక్కండి. ఆ బరువు వెనక ఇరుసును దాటి పడుతుంది గనక ముందు చక్రం తేలికవుతుంది. వేగం అందుకోగానే హ్యాండిల్ అడ్డంగా తల ఊపుతుంది. వద్దంటోందని మాత్రం అనుకోకండి. టూల్ కిట్ సైడ్ బ్యాగులో అట్టడుగున, టెంటు కింద పడేయండి. దానితో ఏం పని?

చైన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చాలా రోడ్డు బైకులకు కింది వరస మధ్యలో వేలితో ఎత్తి దించితే 25 నుంచి 35 మిల్లీమీటర్ల ప్లే, అంటే వదులు, ఉండాలి. మీరు ఖాళీ బండిని స్టాండు మీద నిలబెట్టి, వీణ తీగలా బిగించండి. సామానూ మీరూ ఎక్కగానే సస్పెన్షన్ కుంగుతుంది, వెనక ఇరుసు ముందు స్ప్రాకెట్‌కు, అంటే చైన్‌ను లాగే పళ్ల చక్రానికి, ఇంకాస్త దూరం జరుగుతుంది, తీగ మరింత బిగుస్తుంది. ఆ లాగుడంతా పడేది ఆ చక్రాన్ని తిప్పే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద. అక్కణ్ణుంచి సన్నని రాగం వినిపిస్తే శ్రుతి కుదిరినట్టే. లూబ్ అయితే సుమారు 500 కిలోమీటర్లకోసారి, సాయంత్రం బండి ఆపగానే, చైన్ వేడి మీదుండగా లోపలి వైపు కొట్టాలట. ఆ వేళ సూర్యాస్తమయం ఫొటో ఎవరు తీస్తారు?

ఎడారిలో టైరు గాలి 18 పీఎస్‌ఐ దాకా దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. దించినవాళ్లు తారు రోడ్డెక్కగానే మళ్లీ కొట్టుకోవాలి. లేదంటే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది. ఆ చిరుగు ఏ ప్యాచికీ లొంగదు. ఇన్ని తిప్పలెందుకు, గాలి తగ్గించకుండా పోనిచ్చి ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోతే ఏకాంతం దానంతటదే దొరుకుతుంది.

కొండల మీద బండి నీరసపడుతుంది. 5,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్నదాంట్లో సగమే. పెట్రోలునూ గాలినీ కలిపే పాతకాలపు కార్బ్యురేటర్‌కు గాలి పలచబడ్డ మేరకు పెట్రోలు తగ్గించడం చేతకాదు. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే కాటుక పెట్టుకుని ఉంటుంది. పెట్రోలు వెళ్లే రంధ్రం చిన్నదిగా ఉన్న మెయిన్ జెట్ వేసుకోవాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి లెక్క తానే సరిచేసుకుంటుంది గానీ, లేని గాలిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ ఎత్తులో మీకు తలనొప్పి, వికారం వస్తే ఎక్కడం ఆపాలనీ, తగ్గకపోతే కిందికి దిగాలనీ డాక్టర్లంటారు. వాళ్లకేం తెలుసు, అది జ్ఞానోదయం.

ఇక వాగు. ముందు నడిచి దాటి, లోతూ అడుగునున్న రాళ్లూ చూసుకోవడం పిరికివాళ్ల పని. నేరుగా దిగండి. ఎయిర్ ఫిల్టర్ దాకా నీళ్లొస్తే బండి గుటక వేసి ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ నొక్కకూడదు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం పిస్టన్ వల్ల కాదు, నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండిని ఒడ్డుకు నెట్టి, ప్లగ్గు విప్పి, ఇంజిన్ తిప్పితే ఆ రంధ్రంలోంచి నీళ్లు పిచికారీలా చిమ్ముతాయి. అవి పూర్తిగా ఆగాకే ప్లగ్గు బిగించాలి.

ప్లగ్గు స్పానరు సైడ్ బ్యాగులో అట్టడుగున, టెంటు కింద ఉంది. సైడ్ బ్యాగు నీళ్ల కింద ఉంది.