కారం దోశా, 500 వాట్ల డబ్బా

2023 డిసెంబర్లో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందిగానీ, మా కావలిలో మమ్మల్ని రెండు రాత్రులు చీకట్లో దోమలకి అప్పజెప్పి పోయింది, ఇంక ఇట్టా కాదని ఆన్‌లైన్లో ఒక పోర్టబుల్ పవర్ స్టేషన్, అంటే కరెంటు దాచుకునే పెద్ద బ్యాటరీ పెట్టె, తెప్పించా. పేరు చూస్తే థర్మల్ ప్లాంట్ రేంజిలో ఉందా, మనిషి మాత్రం ఊరగాయ జాడీ అంత. మా అమ్మ మొదటిరోజే దానికి డబ్బా అని నామకరణం చేసేసింది.

మొన్న వాయుగుండం పట్టి రాత్రి ఏడుకే కరెంటు పోయింది. నా టైం వచ్చిందని డబ్బా హాల్లో పెట్టి క్లాసు పీకా. 512 వాట్ అవర్ అంటే లోపల నిల్వ, మిద్దె మీద ట్యాంకులో నీళ్లనుకోండి, 500 వాట్లంటే కుళాయి, ఒక్కసారిగా అంతకుమించి రాదు. బ్యాటరీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చేటప్పుడు కొంత పోద్ది, చేతికి ఒక 430 వాట్ అవర్ వస్తాయి, ఫ్యాను 75 వాట్లు, బల్బు 10, వైఫై 10, మొత్తం 95, అంటే నాలుగున్నర గంటలు. ఇస్త్రీపెట్టె, గీజరు, ఇండక్షన్ స్టవ్ జోలికి ఎవురూ పోవద్దు.

నాన్న వింటా వింటానే నిద్రపోయాడు. అమ్మ మాత్రం శ్రద్ధగా విని "మిక్సీ ఎంతరా?" అనింది.

"750. పట్టదు."

"దోశలకి కారం రుబ్బాల. ఎంతో కొంత సర్దుకోదా?"

అమ్మకి వాట్లన్నా కూరగాయల బండి మీద వంకాయలన్నా ఒకటే, బేరం ఆడాల్సిందే. నేను వద్దమ్మా అంటుండగానే ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు జార్లో నిండా కుక్కి మిక్సీ తిప్పింది. గుర్ర్ అని ఒక మూలుగు, కుయ్ కుయ్ కుయ్, స్క్రీన్ మీద ఓవర్‌లోడ్, ఫ్యానూ బల్బూ అన్నీ ఢమాల్.

"చెప్తే వింటివా" అన్నా. ఎంత హాయిగా అన్నానో ఆ మాట.

అమ్మ ఏం మాట్లాడలా. సగం గిన్నెలోకి తీసింది, కాసిని నీళ్లు పోసింది, ఫ్యాను ప్లగ్గు పీకి మిక్సీ ఒకటో నంబర్లో పెట్టింది. సుబ్బరంగా తిరిగింది! 750 అనేది మోటారు నిండా బరువు మోసేటప్పటి లెక్కంట, జార్లో తక్కువుంటే తక్కువే లాగుద్దంట, నా క్లాసులో ఈ పాఠం లేదు. దోశలు మాత్రం అదిరినాయి, నోరు మూసుకుని నాలుగు తిన్నా.

తొమ్మిదిన్నరకి అందరం హాల్లోనే పడుకున్నాం. డబ్బాలో చల్లబరిచే చిన్న ఫ్యాను ఉంటది, బుస్సుమని ఒకటే రొద. నిద్రపట్టక, లేచి దాని మీద దుప్పటి కప్పా. కప్పింది నేనే, క్లాసు పీకింది కూడా నేనే. ముప్పావుగంటకి మొత్తం ఆగిపోయింది. దుప్పటి తీసి చెయ్యేస్తే ఇడ్లీపాత్ర మూత మాదిరి కాల్తా ఉంది, గాలి కంతలన్నీ మూసేశా గదా, పాపం వేడెక్కి అదే ఆపేసుకుంది, నాకంటే దానికే బుద్ధుంది.

చీకట్లోనుంచి అమ్మ గొంతు. "అప్పుడే నాలుగున్నర గంటలైందా నాయనా?"

తర్వాత లేచొచ్చి నా చేతిలో విసనకర్ర పెట్టింది. డబ్బాకి విసరమని.