బంక తీసే చెయ్యే అడవికి కాపలా

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ మొదలయ్యే ముందు వయొలిన్ విద్వాంసుడు తేనెరంగు బిళ్ల ఒకటి తీసి కమానుకు రుద్దుకుంటారు. ఆ రోజిన్ బిళ్ల పైన్ చెట్టు బంక నుంచి వచ్చిందే. బంకను కాచి టర్పెంటైన్‌ను ఆవిరిగా వేరుచేస్తే అడుగున మిగిలే గట్టి పదార్థం అది. అది రాయకపోతే కమాను తీగ మీద జారిపోతుంది, నాదం పలకదు.

స్పెయిన్‌లోని సెగోవియా ప్రాంతంలో పైన్ బంక తీసే కుటుంబాలు తరతరాలుగా అడవిలోనే పనిచేశాయి. చెట్టు మొదట్లో పొదలు నరికి, దారులు శుభ్రం చేసి, పొగ కనబడితే ముందుగా పరుగెత్తింది వారే. చౌక చైనా బంక, పెట్రోలియం రెజిన్లు వచ్చి ఆ పని గిట్టుబాటు కాకపోవడంతో చాలామంది వదిలేశారు. ఖాళీ అయిన చోట పొదలు పెరిగి నిప్పుకు మేతయ్యాయి. అయితే ఏ గాటు పెట్టినా మేలే అనుకోకూడదు. హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో చీర్ పైన్‌కు పెట్టిన లోతైన గాట్లకే మంటలు త్వరగా అంటుకున్నాయి. చెట్టు బతకాలంటే చేతికి ఓర్పు ఉండాలి.

ఈ మాట మన నల్లమలకు మరీ వర్తిస్తుంది. రాతి గుట్టల మీద ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చి, తెల్లటి బెరడుతో నిలబడే తపసి చెట్టును చెంచులు ఎరగని రోజు లేదు. దాని బంక కట్టుడు పళ్లను పట్టి ఉంచే పొడిలోనూ, విరేచనకారి మందుల్లోనూ పడుతుంది. గొడ్డలితో లోతుగా నరికితే ఆ ఏడు బంక ఎక్కువే కారుతుంది, తర్వాత చెట్టు చచ్చిపోతుంది. చిన్న కత్తితో బెరడు మాత్రమే చెక్కి, కొన్ని రోజులకోసారి గాటు అంచును పలుచగా తీసి, ఆపైన చెట్టుకు విశ్రాంతినిస్తే ఏళ్ల తరబడి ఇస్తుంది. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ గిరిజనులకు నేర్పింది ఈ పద్ధతే.

బంక బాగా వచ్చే కాలమూ, అడవి తగలబడే కాలమూ ఒకటే కావడాన్ని గమనించాలి. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకే చెట్టు దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లే మనిషి కంటే మంటను ముందుగా చూసేదెవరు? 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అంత దగ్గరి చూపు ఎన్ని వాచ్‌టవర్లు కట్టినా రాదు. అలాంటి మనుషులను పునరావాసం పేరుతో మైదానానికి తరలించాలన్న ఆలోచనను మేము అంగీకరించలేము. కలప కాని అటవీ ఉత్పత్తులపై ఆదివాసులకు యాజమాన్య హక్కు ఇస్తున్నదీ 2006 నాటి అటవీ హక్కుల చట్టమే. దాన్ని పక్కనపెట్టి అడవిని కాపాడతామంటే నమ్మడం కష్టం.

ధర సంగతీ ఉంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకాన్ని కేంద్రం 2013-14లో తెచ్చినప్పుడే అందులో తపసి బంక ఉంది. గిరిజనుల నుంచి అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఇందుకే ఉంది. తూకం అయిన రోజునే డబ్బు చేతిలో పడకపోతే బంక దళారీ సంచిలోకి వెళ్తుంది. తొందర డబ్బు అవసరమైన చేతిలోకి మళ్లీ గొడ్డలి వస్తుంది. బెరడు ముక్కలు ఏరి, తెల్ల బంకను రంగు బంకతో కలవకుండా వేరుచేసే పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. ఆ గంటలకు కూడా ధరలో చోటు దక్కాలి.

వచ్చే వేసవి మొదలయ్యేలోగా చెంచు పెంటలకు, అంటే అడవిలోని వారి గూడేలకు, మంచి కత్తులు, శిక్షణ, ముందే ప్రకటించిన ధర చేరాలి. అగ్ని కాపలా జీతాల్లో మొదటి వంతు బంక తీసేవారికే ఇవ్వాలి. ఈ రెండూ తెలంగాణ అటవీశాఖ, గిరిజన సంక్షేమ శాఖ ఒక్క సమావేశంలో తేల్చగలిగినవే.