నెమలి నాది, సర్టిఫికెట్ పాపది

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక సర్టిఫికెట్ ఉంది. ‘చిత్రలేఖనం, నాలుగేళ్ళ లోపు విభాగం, ద్వితీయ బహుమతి’ అని రాసి, కింద న్యూజెర్సీలోని మన తెలుగు సంఘం ముద్ర వేసి ఉంటుంది. పేరు మా అమ్మాయిది. బొమ్మ మాత్రం నాది.

ఒప్పేసుకుంటున్నాను. పోయిన సంక్రాంతి సంబరాలప్పటికి పాపకు రెండేళ్ళ ఏడు నెలలు. ఇచ్చిన అంశం నెమలి. దాని చేతిలో క్రేయాన్ పెట్టి, ఆ చేతిని నా చేత్తో పట్టుకుని మొదలుపెట్టాను. మెడ గీసేదాకా ఓపిక పట్టింది. పింఛం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి లాక్కుని బల్ల కిందికి దూరింది. మిగతా పింఛమంతా నేనే పూర్తి చేశాను. పక్క బల్ల దగ్గర ఒకాయన నాలుక కొద్దిగా బయటపెట్టి నెమలి మెడకు నీలంలో నీలం కలిపి షేడింగ్ ఇస్తున్నాడు. అవతల ఒకావిడ ఫోన్లో నెమలి ఫొటో తెరిచి పెట్టుకుంది. ఇంతకీ పిల్లలేరీ అని వంగి చూస్తే ముగ్గురూ బల్ల కిందే ఉన్నారు. పేర్లు రాసి చొక్కాలకు అంటించిన స్టిక్కర్లు పీకి, కుర్చీ కాళ్ళకు అతికిస్తున్నారు. ఒక కుర్చీ అయ్యాక ఇంకో కుర్చీ. పోటీ జరిగినంతసేపూ ఒక్కరూ ఏడవలేదు.

మొదటి బహుమతి ఆ షేడింగ్ ఆయనకే వచ్చింది. అంటే, వాళ్ళబ్బాయికి.

అందుకని నా మాట సూటిగా చెప్పేస్తాను. ఐదేళ్ళలోపు పిల్లలకు మన సంఘం పోటీలు పెట్టడం మానేయాలి. బొమ్మలైనా, ఫ్యాన్సీ డ్రెస్సయినా, పద్యాలైనా సరే. వేదిక వద్దనడం లేదు, సందడి వద్దనడం లేదు. మొదటి బహుమతి, రెండో బహుమతి అనే ఆ వరస వద్దంటున్నాను.

రెండేళ్ళు దాటిన పిల్లలు నిలువు గీత గీయగలరు. చూసి గుండ్రంగా సున్నా చుట్టడం మామూలుగా మూడేళ్ళ ప్రాంతంలో వస్తుంది. అంతవరకూ క్రేయాన్‌ని గరిట పట్టినట్టు పిడికిలితో పట్టుకుంటారు. అలాంటి చేతిని పింఛం గియ్యమంటే ఆ పరీక్ష ఎవరికి? మా ఇంట్లో క్రేయాన్లతో పాపకు అన్నిటికన్నా ఇష్టమైన పని వాటి మీది కాగితం ఒలవడం. వెల్లుల్లి ఒలిచినట్టు గోటితో ఓపిగ్గా ఒలుస్తుంది. మనకు గంట దూరంలో, డెలావేర్ నది దాటగానే ఉన్న ఈస్టన్‌లో క్రేయాన్లు తయారుచేసే క్రేయోలా కంపెనీ వాళ్ళ ప్రదర్శనశాల ఉంది కదా, ఒక ఆదివారం తీసుకెళ్ళాం. 1903లో మొదటిసారి అమ్మినప్పుడు పెట్టెలో 8 రంగులే, ధర ఐదు సెంట్లు. నేనేమో అరవై నాలుగు రంగుల పెట్టె కొన్నాను. అరవై నాలుగూ ఒలిచింది.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. అదే సంక్రాంతి రోజు, అదే హాల్లో, పోటీకి ముందు భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళు ఇక్కడ దొరకవు కాబట్టి ద్రాక్షపళ్ళు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి, వరసగా కూర్చోబెట్టిన పిల్లలందరి నెత్తినా పోశాం. ఏడ్చినవాళ్ళకూ పోశాం, నవ్వినవాళ్ళకూ పోశాం. ఎవరి నెత్తిన ఎన్ని పళ్ళు నిలిచాయో లెక్కపెట్టి ఎవరికీ కప్పు ఇవ్వలేదు. అరగంట తర్వాత అవే పిల్లల్ని బల్లల దగ్గర కూర్చోబెట్టి మార్కులు వేశాం.

మా అమ్మ ఆ రోజు అక్కడే ఉంది. అనకాపల్లి దగ్గర పల్లెటూరు మాది. ఆరు నెలలు ఉందామని వచ్చింది. నా నెమలిని చూసి, “బాగా ఏసేవురా, చిన్నప్పుడు మాత్రం నీకు ఇంత బాగా వచ్చీది కాదు” అంది. అది మెచ్చుకోలో చురకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ వచ్చిన వారానికే మా ఇంట్లో బొమ్మల డబ్బాలు చూసి నోరు నొక్కుకుంది. వాటిలో సగం బ్యాటరీలతో పాటలు పాడేవే. “ఇన్ని బొమ్మలెట్టుకుని గరిట్తో ఆడతాదేటిరా ఇది?” అని అడిగింది. తన సూట్‌కేసులో పాత చీరలో చుట్టి ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చింది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కను దానికి అదిమి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ నునుపు అలా వస్తుంది. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేను పాపకు ‘వంట ఆట’ నేర్పుదామని చిన్న పొయ్యి, చిన్న బిందె, చిన్న కుండ వరసగా పేర్చి కూర్చున్నాను. అది అన్నిటినీ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, కూల్చి, మళ్ళీ నిలబెట్టింది. “అలాక్కాదమ్మా, ఇలా...” అనబోతే అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

అసలు కథ చపాతీ పిండితో మొదలైంది. ఒక శనివారం పొద్దున అమ్మ స్టీలు పళ్ళెంలో పిండి కలుపుతుంటే పాప వచ్చి పక్కన కూర్చుంది. అమ్మ నిమ్మకాయంత ముద్ద తీసి దాని చేతిలో పెట్టింది. ముందు భయపడింది. వేళ్ళు విడదీసి చూసుకుని, “నానమ్మా, అంటుకుంది” అంది.

“పొడిపిండి అద్దుకో.”

అద్దుకుంది. వేళ్ళు వదిలాయి. ఆ ముఖం చూడాలి మీరు. పెద్ద రహస్యమేదో పట్టేసినట్టు మళ్ళీ ముద్దలో వేళ్ళు గుచ్చడం, అంటుకోవడం, పొడిపిండి అద్దుకోవడం. పది నిమిషాలు అదే పని. తర్వాత అమ్మ ఒక్కో మాటా వదులుతూ వచ్చింది. పిసుకు. నొక్కు. ఇప్పుడు చిదుము. అరచేతుల మధ్య పెట్టి నలుపు. పీట మీద దొర్లించు. దొర్లిస్తే పాము వచ్చింది. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో పాములే. ఇది పాము, ఇది పిల్ల పాము, ఇది బజ్జున్న పాము. నేను మధ్యలో దూరి కుందేలు చేసి చూపించాను. దాన్ని తీసుకుని దొర్లించి పాము చేసింది.

ఆఖర్న బూడిదరంగుకు తిరిగిన ఆ ముద్దను అమ్మ పెనం మీద కాల్చింది. “నాన్నా, తిను” అని పాప నిలబడి చూస్తుంటే తిన్నాను. 

ఇక్కడే నాకు తట్టిన ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే మన సంఘం పెట్టిందే తెలుగు కోసం. పిల్లలకు తెలుగు నేర్పాలని మనం ఫ్లాష్‌కార్డులు కొంటాం. ఏనుగు, సింహం, నెమలి. మనముండే ఎడిసన్ ఊళ్ళో ఏనుగు ఎదురుపడే అవకాశం ఎంత? ఇక ఇంట్లో మనం మాట్లాడే తెలుగు ఒక్కసారి రికార్డు చేసుకుని వినండి. నేను విన్నాను. ‘డోర్ క్లోజ్ చెయ్యి, షూస్ రిమూవ్ చెయ్యి, టాయ్స్ క్లీన్ చెయ్యి, బాక్స్ ఓపెన్ చెయ్యి.’ మా ఇంట్లో తెలుగుకు మిగిలిన క్రియ ఒక్కటే, ‘చెయ్యి’. కానీ చేతిలో పిండి ఉన్నప్పుడు ఆ ఒక్కదానితో పని జరగదు. పిసకడం వేరు, నలపడం వేరు, చిదమడం వేరు, అదమడం వేరు. తేడా వేళ్ళకు తెలుస్తుంది, మాట దాని వెనకే వస్తుంది. నీళ్ళతో ఆడితే ఒలకడం, చిమ్మడం, తొణకడం వస్తాయి. కాగితంతో ఆడితే చింపడం, మడవడం, నలగడం వస్తాయి. పాపకు ఈ మాటల్లో ఒక్కటి కూడా నేను ‘నేర్పలేదు’.

మార్చిలో ఒక స్నేహితుల ఇంట్లో భోజనాలప్పుడు పాప గ్లాసు తన్నేసి, “ఒలికిపోనాది!” అని ప్రకటించింది. అందరూ నవ్వారు. ఒకావిడ, “అయ్యో, ‘ఒలికిపోయింది’ అనాలమ్మా” అని సరిదిద్దింది కూడా. నాకు మాత్రం న్యూజెర్సీలో పుట్టిన పిల్ల నోట్లోంచి మా ఊరు పలికినట్టయింది. ఆ మాట ఏ ఫ్లాష్‌కార్డు మీదా ఉండదు.

అమ్మ చెప్పినవన్నీ వేదవాక్కులని అనడం లేదు. మా ఇద్దరికీ గట్టి గొడవ చింతపిక్కల దగ్గర వచ్చింది. సీడ్‌లెస్ అని రాసి ఉన్న చింతపండులో కూడా దొరికే పిక్కలన్నీ ఏరి, కడిగి, ఆరబెట్టి పాపకు ఇవ్వబోయింది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలు ఉండకూడదని ఇక్కడ చట్టమే ఉంది. ఒకటింపావు అంగుళం వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా ప్రమాదమే. ఇంట్లో అయితే టాయిలెట్ పేపర్ అట్టగొట్టంతో చూసుకోవచ్చు, అందులోంచి జారిపోయేవన్నీ పక్కన పెట్టాలి. చింతపిక్కలు, గవ్వలు, గోలీలు, శనగలు అన్నీ జారిపోతాయి. “మిమ్మల్నందర్నీ చింతపిక్కల్తోటే పెంచేను” అంది అమ్మ, రెండు రోజులు ముభావంగా ఉంది. చివరికి పిక్కల్ని ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత గట్టి జిగురుతో అంటించి గిలక చేశాం. పిండి విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. పచ్చి పిండిలో కూడా సూక్ష్మక్రిములు ఉండొచ్చు, నోట్లో పెట్టుకోనివ్వకూడదు, ఆట అయ్యాక చేతులు కడిగించాలి. ఆ మాట అమ్మ తొందరగానే ఒప్పుకుంది. బజారులో దొరికే ప్లే-డో ముద్ద అసలు గోడకాగితాల మీద బొగ్గుమసి తుడిచే సరుకుగా సిన్సినాటిలో పుట్టిందనీ, 1956లో బొమ్మల కొట్లకు ఎక్కిందనీ చెబితే, “గోడలు తుడిచే పిండా!” అని నాలుగు రోజులు అదే మాట ఫోన్లో ఊరందరికీ చెప్పుకుంది.

మంచు పడ్డ రోజు ముగ్గు సంగతి కూడా చెప్పాలి. కెచప్ సీసాలో పసుపు నీళ్ళు పోసుకుని అమ్మ మా డ్రైవ్‌వే మీద మంచులో ముగ్గు వేసింది. పాప బూట్లేసుకుని దాని మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళింది. ఎదురింటాయన అది ఏమిటని అడిగితే నేను సగమే చెప్పగలిగాను.

ఇప్పుడు కమిటీ వైపు మాట. వాళ్ళ కష్టం నాకు తెలుసు, రెండేళ్ళు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. ఆఫీసు పని ముగించుకుని అర్ధరాత్రి దాకా హాలు బుకింగులు, భోజనాల లెక్కలు చూసుకుంటారు. ఒక పిల్ల పోటీలో ఉంటే తల్లీ తండ్రీ, తాతయ్యా అమ్మమ్మా, వీలైతే బాబాయి కూడా వస్తారు. పోటీ తీసేస్తే హాలు సగం ఖాళీ అని భయం. ఈ వాదనలో బలం ఉంది. ‘చిన్నప్పుడే స్టేజి ఎక్కితే బెరుకు పోతుంది’ అన్న రెండో వాదనలో మాత్రం నాకు బలం కనిపించలేదు. బహుమతి రాలేదని రెండున్నరేళ్ళ పిల్ల ఏడవదు. దాని వెనక నిలబడ్డ మన ముఖం చిన్నబోతే అది చూసి ఏడుస్తుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లల సంగతి వేరు, వాళ్ళకు పోటీ అంటే ఏమిటో తెలుసు, ఓడిపోయి నేర్చుకునేదీ ఉంటుంది. వాళ్ళకు ఎన్నయినా పెట్టండి.

స్క్రీన్ గురించి మనలో చాలామందికి ఉన్న తప్పుచేసిన భావం నాకూ ఉంది. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. వంట సమయంలో మా ఇంట్లో ఆ గంట ఎన్నిసార్లు గంటన్నర అయిందో లెక్క చెప్పను. కానీ అమ్మ తిరిగి వెళ్ళాక ఒక శనివారపు అలవాటు మిగిలింది. ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర, అక్కడ సాయంత్రం ఆరు. ఫోన్ని బియ్యం డబ్బాకు ఆనించి పెడతాం. అటు అమ్మ ముందు పిండి పళ్ళెం, ఇటు పాప ముందు పిండి పళ్ళెం. పోయిన వారం పాప పాముకు రెండు కాళ్ళు పెట్టింది. “పాముకి కాళ్ళేటే?” అని అమ్మ అడిగితే, “నడుస్తాది” అంది.

ఉగాదికి నా ప్రతిపాదన ఇది. చిత్రలేఖనానికి కేటాయించిన ఆ గదే ఇవ్వండి. బల్లలు తీసేసి నేల మీద పెద్ద కాగితం చుట్ట పరుద్దాం. ఒక మూల పిండి, ఒక మూల నీళ్ళ తొట్టి, ఒక మూల అట్టపెట్టెలు. ఊరి నుంచి వచ్చిన తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు ఈ సభల్లో ఏమీ తోచక చివరి వరసలో కూర్చుని ఉంటారు కదా, వాళ్ళను పిల్లల మధ్య కూర్చోబెడదాం. అమ్మానాన్నలు చెయ్యి పెట్టకూడదు, ఒకే ఒక్క నియమం. పది కిలోల గోధుమపిండి నేను తెస్తాను, కలపడానికి ఇద్దరు కావాలి. పాత బట్టలు వేసుకొచ్చేయండి, పట్టు పావడాలు భోజనాల దాకా కారులోనే ఉంచండి.